అన్నదమ్ముల మధ్య ఒక మెడ

మా అత్త పోయిన పదహారో నాటి కర్మాదికి వచ్చినవాళ్ళందరూ ఒకే మాట పట్టుకున్నారు. ఓర్పు. పోదనూరు వాళ్ళు అదే అన్నారు. మదురై నుంచి వచ్చిన మావాళ్ళు అదే అన్నారు. కంబం నుంచి వ్యాను మాట్లాడుకుని వచ్చిన ఆమె పుట్టింటివాళ్ళు కూడా అదే అన్నారు. ఆ తల్లి ఓర్పు వల్లే ఇన్నేళ్ళు ఆ ఇంట్లో ఒకే పొయ్యి వెలిగిందన్నారు. కాఫీ తాగుతూ అన్నారు, ఆకు ముందు కూర్చుని అన్నారు, చెప్పులు వెతుక్కుంటూ అన్నారు. మెడ మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. సగం జీవితం ఆమె ఆ మెడతోనే కాపురం చేసింది. దాని గురించి చెప్పకుండా ఆమె గురించి ఏం చెప్పినట్టో నాకు అర్థం కాలేదు.

నన్ను ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో నన్ను అడిగే అలవాటు లేదు. కర్మాది పత్రికలో బంధువుల వరసలో నా పేరు లేదు. చిన్నమామ కూతురి పెళ్ళి పత్రికలోనూ లేదు, అప్పుడు అచ్చుతప్పు అన్నారు. ఈసారి ఆ మాట కూడా అనలేదు. అందుకే నేనే రాస్తున్నాను. నా తెలుగు గురించి కూడా ముందే చెప్పేస్తాను. మేము ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో తమిళం చదువుకున్నవాళ్ళం. అక్షరాలు నేను పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నాను. ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి నా రాత చూసి, బాగుంది, దీన్ని తెలుగులోకి ఎవరు మార్చారు అని అడిగాడు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

మా అమ్మకు ఇద్దరు అన్నలు. పెద్దమామ, చిన్నమామ. పోదనూరు అవతల మా తాత పెట్టిన నూలు మిల్లు, మిల్లు వెనక ఇల్లు. మదురైలో నా చదువు అయ్యాక ఆ మిల్లులో స్టోర్స్ చూసే పనికి చేరి అక్కడే ఉండిపోయాను. నేను చెబుతున్న అత్త పెద్దమామ భార్య.

మామలిద్దరికీ మాటల్లేవు. కారణం వింటే బయటివాళ్ళు నవ్వుతారు. మా కులదైవం గుడి పండగలో ఇంటి పెద్దవాడి తలకు పరివట్టం కడతారు. ఒక పట్టుగుడ్డను తలపాగాలా చుట్టి మొదటి మర్యాద ఇవ్వడమన్న మాట. ఒక ఏడాది పండగ నాడే మిల్లులో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. పెద్దమామ అక్కడే చిక్కుకుపోయాడు. పూజారి చూసి చూసి, ముహూర్తం దాటిపోతోందని ఆ గుడ్డ చిన్నమామ తలకు చుట్టాడు. చుడుతుండగా పెద్దమామ గుడి వాకిట్లోకి వచ్చాడు. చూశాడు. చెప్పులు విప్పకుండానే వెనక్కి తిరిగాడు. ఆ రోజు నుంచి అన్నదమ్ములు ఒకరితో ఒకరు ఒక్క మాట మాట్లాడలేదు.

మాటలు పోయినా ఇల్లు విడిపోలేదు. మా అమ్మమ్మ ఇద్దరి చేతులూ పట్టుకుని ఒకే పొయ్యి అని ఒట్టు వేయించుకుంది. ఆమె పోయాక, ఒట్టు ముందు తప్పినవాడు నువ్వే అనిపించుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు. మిల్లు ఇద్దరిదీ. రోజూ ఏదో ఒకటి తేల్చాలి. మా తాత కాలం నుంచి మిల్లు సంగతులు తేల్చేది మధ్యాహ్న భోజనం దగ్గరే.

పొడుగు బల్ల. ఆ కొసన పెద్దమామ, ఈ కొసన చిన్నమామ. నడుమ అత్త నిలబడి వడ్డిస్తుంది. చిన్నత్త, అంటే చిన్నమామ భార్య, ఆ గదిలోకి రాదు. మా వైపు తమ్ముడి భార్య బావగారి ఎదుట నిలబడదు, ఆయనతో మాట్లాడదు. పిల్లలు పెళ్ళిళ్ళై బోడినాయకనూరుకు ఒకరు, మదురైకి ఒకరు వెళ్ళిపోయారు. నన్ను ఎలాగూ లెక్కలోకి తీసుకోరు కాబట్టి, భర్తతోనూ మరిదితోనూ మాట్లాడగలిగిన మనిషి ఆ ఇంట్లో అత్త ఒక్కతే.

పెద్దమామ అన్నంలో పప్పు కలుపుతూ అనేవాడు, "వాణ్ని అడుగు, కళ్ళు నెత్తిమీద పెట్టుకుని తిరుగుతుండాడా అని. రెండు మెషిన్లు నిలిచిపోయినాయి, వాడికి తెలుసునా అని."

అత్త చిన్నమామ వైపు తిరిగేది. "తమ్ముడూ, రెండు మెషిన్లు నిలిచినాయంట. ఏమైందో చూస్తివా అని అన్న అడుగుతుండారు."

"బెల్టులు మార్చమని నేను గొంతు చించుకున్నప్పుడు ఆ మనిషి చెవులు యాడ పెట్టుకోనుండె?"

అత్త మళ్ళీ ఇటు తిరిగేది. "బెల్టులు పాతవైనాయంట. మార్చితే మంచిదని తమ్ముడు చెప్తుండాడు."

"సరి, మార్చమను."

నేను ఇది మొదటిసారి చూసినప్పుడు నవ్వాను. తరవాత నవ్వు పోయింది. ఇద్దరికీ చెవులు బాగానే వినిపిస్తాయి. తిట్టు తిట్టుగానే చెవిలో పడేది. అయినా అత్త నోటినుంచి వచ్చిన మాటకే జవాబు ఇచ్చేవాళ్ళు. వాడు అన్నది తమ్ముడు అయ్యేది, ఆ మనిషి అన్నది అన్న అయ్యేది. పరివట్టం అన్న మాట ఆ బల్ల మీద ఎన్నిసార్లు పడిందో, ఒక్కసారి కూడా ఆమె దాన్ని అవతలికి దాటనివ్వలేదు.

వాళ్ళు ఇంకో నియమం కూడా పెట్టారు. చెప్పాల్సిన మాటను తమ ముఖం చూసి చెబితేనే విన్నట్టు. ఒకసారి ఆమె చారు పోస్తూ గిన్నెలోకి చూస్తూనే పెద్దమామ మాట చెప్పింది. చిన్నమామ జవాబు ఇవ్వలేదు. మజ్జిగ దాకా ఇవ్వలేదు. ఆమె గరిటె కింద పెట్టి, ఆయన వైపు తిరిగి మళ్ళీ చెప్పాకే సరి అన్నాడు. ఇవన్నీ నేనెలా చూశానంటే, నాది రెండో పంక్తి. మామలు తిని లేచేదాకా గోడవారన స్టూలు మీద కూర్చుని, స్టోర్స్ సంగతి ఏదైనా అడిగితే చెప్పడానికి కాచుకుని ఉండాలి. మేనల్లుడికి ఇలాంటి మర్యాద ఇంకే ఇంట్లోనైనా జరుగుతుందేమో నాకు తెలియదు.

ఆమె నొప్పి కుడి చెవి వెనక మొదలై భుజం మీదికి దిగేది. బయట ఎక్కడైనా ఎవరైనా పిలిస్తే మెడ తిప్పేది కాదు, బస్సు మలుపు తిరిగినట్టు ఒళ్ళంతా కలిపి తిరిగేది. బల్ల దగ్గర అలా కుదరదు, రెండు చేతుల్లోనూ గిన్నెలుంటాయి. భోజనాలు అయ్యాక వంటింట్లో తలుపుకు ఆనుకుని, వేడి కాఫీ లోటాను చెవి వెనక ఆనించుకుని, కళ్ళు మూసుకుని నిలబడేది. కాఫీ చల్లారాక తాగేది. ఆమె వేడి కాఫీ తాగగా నేను చూడలేదు.

మెడ ఎలా ఉందత్తా అంటే, తమిళంలో ముద్దుగా నన్ను కణ్ణు అని పిలుస్తూ ఎప్పుడూ ఒకటే జవాబు. "యాడికీ పోలేదు కణ్ణు. నాతోనే ఉండాది."

దానితో మాట్లాడేది కూడా. ఒకసారి వడ్డన మధ్యలో పోటు వచ్చి గిన్నె బల్లకు ఆనించి ఆగిపోయింది. మామలిద్దరూ తింటున్నారు. ఆమె పెదవులు కదిలాయి. గోడ పక్కనున్న నాకు వినిపించింది. "ఊరకుండవే, ఇంకా మజ్జిగ పొయ్యలేదు" అంటోంది, చిన్నపిల్లను అదిలించినట్టు.

ఇంత నొప్పి అని భర్తతో ఎందుకు చెప్పవు అని అడిగాను. చెబితే ఏదో ఒకటి కొంటారు అంది. అది నిజం. పెద్దమామ ఆమె కోసం ఖరీదైన దిండు తెప్పించాడు. మెడకు పట్టీ తెప్పించాడు. కరెంటుతో వణికే యంత్రం తెప్పించాడు. అది చూసి చిన్నమామ పాలక్కాడు వైపు వైద్యుడి దగ్గర తైలం చేయించి వదిన చేతిలో పెట్టాడు. అది చూసి పెద్దమామ ఇంకో లేపనం తెప్పించాడు. ఎవరిది వాడకపోతే వాళ్ళకు ముఖం మాడుతుంది. అందుకని ఆమె ఒక పక్క తైలం, ఒక పక్క లేపనం రాసుకునేది. వాళ్ళకు ఆమె మీద ప్రేమ లేదని నేను అనను. ఉన్న ప్రేమను కూడా వాళ్ళు ఆమె మెడ మీదే పోటీకి పెట్టారు.

చివరికి ఆమెను మదురైకి తీసుకుపోయింది నేను. మా అమ్మకు తెలిసిన డాక్టరమ్మ ఒకామె అక్కడ ఉంది. ఇతను ఎవరు అని ఆమె అడిగితే అత్త, మా మిల్లులో పనిచేసే అబ్బాయి అంది. మేనల్లుడు అనలేదు. దారిపొడవునా ఆమె తల కుదుపుకు కదలకుండా కారును మెల్లగా నడిపినవాణ్ణి నేను. తిరిగి వచ్చేటప్పుడు ఎందుకలా చెప్పావని అడిగాను. "నువ్వు కారు నడిపింది నిజం కదా కణ్ణు, ఏమి చెప్పితే ఏమి" అంది. నాకు అది సరైన జవాబు కాదు. ఇప్పటికీ కాదు.

డాక్టరమ్మ నన్ను బయట కూర్చోమంది. చాలాసేపు లోపల ఇద్దరే మాట్లాడుకున్నారు. తరవాత పిలిచి తమిళంలో నాకు కూడా చెప్పింది. ఎముకల్లో ఉన్న అరుగుదల ఆ వయసు ఆడవాళ్ళలో చాలామందికి ఉండేదే, కోయడానికి ఏమీ లేదు. అంతమాత్రాన నొప్పి అబద్ధం కాదు. ఇన్నేళ్ళ నొప్పి ఎముక ఒక్కదాన్నే పట్టుకుని ఉండదు. నిద్ర, భయం, ఇంట్లో మనుషులు ఒకరితో ఒకరు ఉండే తీరు, మనిషి నొప్పిని మింగే తీరు, అన్నీ అందులో కలుస్తాయి. ఏ వేళ ఎక్కువ అని అడిగితే ఈవిడ మధ్యాహ్నం సాపాటుకు ముందు అంటున్నారు, అది తినే వేళ, బరువు మోసే వేళ కాదు కదా అని నా వైపు చూసింది. నన్ను బయట కూర్చోబెట్టినామె నన్ను అడగడం ఏమిటి అనిపించింది.

తరవాత మెడకు చేయాల్సిన కసరత్తు చూపించింది. మెల్లగా ఇటు తిప్పండి, ఆపండి, మెల్లగా అటు తిప్పండి. అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. "దీన్నే కదమ్మా నేను దినమూ చేస్తుండేది" అంది. డాక్టరమ్మ నవ్వలేదు. ఒక నెల ఆ ఇంటికి దూరంగా ఉండండి అంది. ఈలోపల ఆ ఇద్దరు మగవాళ్ళను ఒకసారి నా దగ్గరికి పంపండి, వాళ్ళు నేరుగా మాట్లాడుకోవడం మొదలుపెడితే ఈ మెడకు నా మందులకన్నా ఎక్కువ మేలు అంది.

కారులో అత్త మందుల చీటీ మడతపెట్టి కొంగున ముడివేసుకుంది. దిండుగల్లు దాటాక అంది, "ఒక్క పూట వాళ్ళిద్దరూ నేరుగా మాట్లాడుకుంటే చాలురా. నేను పక్కన కూర్చొని వేడిగా అన్నం తింటాను." ఆమె నోటినుంచి నేను విన్న కోరిక అదొక్కటే.

మర్నాడు మధ్యాహ్నం నేను స్టూలు మీదినుంచి లేచి నిలబడి, డాక్టరు ఇద్దరినీ రమ్మన్నదని చెప్పాను. పెద్దమామ నా వైపు చూడలేదు. అత్తతోనే అన్నాడు, వాడు వస్తాడా అడుగు అని.

ఆ రోజు తన మెడ సంగతి కూడా ఆమే అటూ ఇటూ మోసింది. నువ్వు వస్తావా అని అన్న అడుగుతుండారు అంది. ఆ మనిషి పోతే అక్కడ నాకేమి పని అన్నాడు చిన్నమామ. అన్న పోతే చాలని తమ్ముడు అంటుండాడు అంది. వాడు రాకుండా నేనొక్కణ్ణే పోతే తప్పు నాదే అని ఒప్పుకున్నట్టు కాదా అన్నాడు పెద్దమామ. అన్నకి ఈ వారం పని ఎక్కువంట అంది. ఒక్కో మాటకూ మెడ తిప్పింది. ఇద్దరూ చేయి కడుక్కుని వెళ్ళిపోయారు. ఆ తరవాత ఎవరూ మదురైకి వెళ్ళలేదు. నెల రోజులు కంబం పంపడానికి మాత్రం ఒప్పుకున్నారు. అది కూడా వేరువేరుగా, ఒకరికి తెలియకుండా ఒకరు ఆమెతో చెప్పి.

కంబంలో ఆమె పుట్టింటివాళ్ళకు ద్రాక్ష తోటలు. నేనే దింపి వచ్చాను. కారు దిగిన కాసేపటికి ఆమె పందిరి కిందికి నడిచింది. ద్రాక్ష పందిరి మనిషి తలకన్నా కొంచెం పైన ఉంటుంది. గుత్తులు చూడాలంటే తల వెనక్కి వంచాలి. ఆమె గడ్డం పైకెత్తి, ఆకుల సందుల్లోకి చూస్తూ, ఒక వరస నుంచి ఇంకో వరసకు వెళ్ళింది. వదినగారిని పిలిచి, ఈ కొమ్మ కత్తిరించలేదేంటికి అని అడిగింది. పక్కకు తిరిగింది, మళ్ళీ పైకి చూసింది. నేను అలాగే నిలబడి చూశాను. నొప్పి ఉందా అని అడగలేదు, అడిగితే గుర్తొస్తుందేమోనని.

పోదనూరులో ఆమె చోటు నాకు పడింది. స్టూలు బల్ల దగ్గరికి జరపమన్నారు. కుర్చీ ఇవ్వలేదు. వంటమనిషి వడ్డిస్తుంటే నేను నడుమ కూర్చుని మాటలు అందించాలి. మొదటి ఒకటి రెండు పూటలు పత్తి ధర, లారీ, కూలీల సెలవులు, అంతటితో గడిచింది. తరవాత ఒక రోజు కొత్త మెషిన్ విషయంలో చిన్నమామ అడ్డం తిరిగాడు. పెద్దమామ ఆకు మీదినుంచి చేయి తీయకుండా అన్నాడు, "అడుగు వాణ్ని, పరివట్టం కట్టుకున్న తలకి ఇంకా మత్తు దిగలేదా అని."

నేను చిన్నమామ వైపు తిరిగి, "పరివట్టం కట్టుకున్న తలకి ఇంకా మత్తు దిగలేదా అని మామ అడుగుతుండాడు" అన్నాను.

నేను ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం తీయలేదు. ఇద్దరి చెవుల్లో ఇన్నేళ్ళుగా పడుతున్న మాటే అది. అయినా నేను చెప్పాకే చిన్నమామ ఆకు తోసేసి లేచాడు. చారు గిన్నె ఒరిగి బల్ల మీద పారింది. పెద్దమామ కూడా లేచాడు. ఇద్దరూ నన్నే తిట్టారు. చెప్పమన్నది చెప్పినందుకు తిట్టారు. తిట్టడంలో ఇద్దరూ కలవడం నేను చూసింది ఆ ఒక్కసారే. నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. మాట మార్చి చెప్పడం నా పని అని నాకు ఎవరూ చెప్పలేదు.

మరునాడు పెద్దమామ నన్ను గోడవారకు జరిగిపొమ్మని, నా ఫోను బల్ల నడుమ ఉప్పుజాడీకి ఆనించి నిలబెట్టమన్నాడు. కంబానికి కలపమన్నాడు. స్పీకర్ పెట్టమన్నాడు. "ఇదో, వాణ్ని అడుగు" అని మొదలుపెట్టాడు. ఫోనులోంచి అత్త గొంతు వచ్చింది, "తమ్ముడూ, అన్న అడుగుతుండారు" అని. చిన్నమామ ఫోను వైపు చూసి జవాబు చెప్పాడు. ముఖం చూసి చెప్పాలన్న పట్టింపును ఫోను దగ్గర ఇద్దరూ వదిలేసుకున్నారు. ఇంట్లో నిలబడిన మనిషికి ఇవ్వని వెసులుబాటు అది.

అప్పటినుంచి రోజూ అదే. నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పోనీలే, మెడ తిప్పే పని లేదు కదా, పడుకుని కూడా మాట్లాడవచ్చు కదా అనుకున్నాను. ఆమె మందులు అయిపోవస్తున్నాయని ఇవ్వడానికి మళ్ళీ కంబం వెళ్ళాను. పందిరి కింద ఎవరూ లేరు. లోపల మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. మెడకు తడి తువ్వాలు చుట్టుకుంది. ఒళ్ళో ఫోను.

"మెడ తిప్పేది లేదు కదత్తా. ఫోనే కదా" అన్నాను.

"అట్లనే నేనూ అనుకుంటిని." చెవి వెనక వేలితో చూపించింది. "మోగుతానే ఇక్కడ పట్టుకుంటాదిరా. ఇంకా ఎత్తనే లేదు, పట్టుకుంటాది. వచ్చిన మొదటి దినాల్లో బాగుండె. మెడ ఉండేదే మరిచిపోతిని."

ఫోను కట్టేసెయ్యి అన్నాను. ఎత్తకు అన్నాను. వాళ్ళు కొట్టుకుంటే కొట్టుకోనీ, ఇల్లు రెండు ముక్కలైతే కానీ అన్నాను. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కూడా.

ఆమె కోప్పడలేదు. తువ్వాలు విప్పి తిప్పి మడిచి మళ్ళీ చుట్టుకుంది. "కొట్టుకోరు. కొట్టుకునే మనుషులైతే ఎప్పుడో తీరిపోయుండు. నేను మార్చి చెప్తుంటినని వాళ్ళకి తెలుసు కణ్ణు. తెలిసే అంత అంత మాట అంటారు. నేను ఉండానని అంటారు." ఒళ్ళో ఫోను తిరగేసి పెట్టింది. "ఇది కూడా లేదంటే ఆ ఇంట్లో నేను ఏమి? అన్నం వడ్డించేదానికి వంటమనిషి ఉండాది."

ఆమెకు నొప్పి ఇచ్చేది, ఆమెకు ఆ ఇంట్లో చోటు ఇచ్చేది ఒకటే అయినప్పుడు ఏది తీసెయ్యమని చెప్పాలి?

నెల నిండకుండానే వచ్చేసింది. "ఇక్కడ కూడా నొస్తుంటే ఇంట్లోనే నొచ్చుకుందాం, పద" అంది. కారులో తలను సీటుకు ఆనించి కూర్చుంది.

వచ్చిన మర్నాడు మాత్రం ఒక పని చేసింది. అన్నం, కూర, చారు, మజ్జిగ, అన్నీ ముందే బల్ల మీద సర్ది, వంటింట్లోంచి ఒక కుర్చీ లాక్కొచ్చి నడుమ వేసుకుని కూర్చుంది. తన ముందు కూడా ఆకు వేసుకుంది. మగవాళ్ళ పంక్తిలో ఆడమనిషి కూర్చుని తినడం ఆ ఇంట్లో అదే మొదలు. పెద్దమామ ఒకసారి చూసి, మాట్లాడకుండా అన్నం కలిపాడు. తరవాత, వాణ్ని అడుగు అన్నాడు. ఆమె తన ఆకులోకి చూస్తూనే, తమ్ముడూ అని మొదలుపెట్టి చెప్పేసింది. తల తిప్పలేదు.

చిన్నమామ జవాబు ఇవ్వలేదు. ఆమె మళ్ళీ చెప్పలేదు. కూర కలుపుకుంది, తింది. ఆ రోజు మిల్లు సంగతి తేలలేదు. మర్నాడు కూడా తేలలేదు. ఒక లారీ లోడు గేటు దగ్గర ఆగిపోయింది, డ్రైవరు వచ్చి నన్ను తిట్టిపోయాడు. అత్త ముఖం పాలిపోయి ఉండేది. నేను గోడవారన కూర్చుని, ఇవాళ తిరుగుతుంది, ఇవాళ తిరుగుతుంది అనుకునేవాణ్ణి. తిరగలేదు. చివరికి ఒక మధ్యాహ్నం చిన్నమామ ఆకులోకి చూస్తూనే గొణిగాడు, "సరి, పంపమను వదినా." పెద్దమామ కూడా ఆ పైవారం అలాగే దారికి వచ్చాడు.

పెద్దమామ దిగివచ్చిన రోజు సాయంత్రం వంటింటి తలుపు దగ్గర అడిగాను, ఎలా ఉంది అని.

"ఉండాది" అంది. లోటా చెవి వెనక లేదు, చేతిలో ఉంది. "కొంచెం తక్కువ."

అంతే. ఆమె గెలిచింది అంతే. నొప్పి పోలేదు. మాటలు మోయడం తప్పలేదు. వడ్డన వేళ పోటు తగ్గింది, కొన్ని మధ్యాహ్నాలు నిద్ర పట్టేది. దానికి కూడా చిన్నత్త పుట్టింటివాళ్ళు, మగవాళ్ళ సరసన కుర్చీ వేసుకుంది చూడు అని చాటుగా నవ్వారు. వాళ్ళలో ఇద్దరు కర్మాదికి వచ్చి ఓర్పు గురించి అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడారు. నేను వాళ్ళకు కాఫీ అందించలేదు.

కొన్నాళ్ళకు అత్త గుండె ఆగి చనిపోయింది. మెడకూ దానికీ సంబంధం లేదని డాక్టర్లు అన్నారు. అలాగే అనుకుందాం.

కర్మాది సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయాక, షామియానా వాళ్ళు కుర్చీలు ఎత్తుకుపోతుంటే నేను లెక్క సరిచూసి లోపలికి వచ్చాను. పెద్దమామ హాల్లో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్క గదిలో చిన్నమామ మంచం మీద పడుకుని ఉన్నాడు. మధ్య తలుపు తెరిచే ఉంది.

పెద్దమామ నన్ను రమ్మని సైగ చేశాడు. ఎదుటి కుర్చీ చూపించాడు. ఆ ఇంట్లో నాకు కుర్చీ చూపించడం అదే మొదటిసారి. నేను కూర్చోలేదు.

"ఆమెకి మెడ నిజంగానే అంత నొచ్చేదారా?"

"నొచ్చేది మామా. ఫోను మోగినా నొచ్చేది."

"అంత అని నాతో చెప్పలేదే."

నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. అవన్నీ ఎన్నేళ్ళ నుంచో దాచుకున్నవి. ఆయన ముఖం చూశాక ఒక్కటే వచ్చింది. "మీ మాట మోసేదానికి ఆమె ఉండె. ఆమె మాట మీ దాకా మోసేదానికి ఎవరుండిరి?"

ఆయన తల దించుకున్నాడు. వేళ్ళతో పంచె అంచు మడిచాడు, విప్పాడు. ఎప్పటి గొంతుతోనే అన్నాడు, "వాణ్ని అడుగు. వాడికైనా తెలుసునా అని."

పక్క గదిలో మంచం కిర్రుమంది. చిన్నమామ లేచి కూర్చున్నాడు. విన్నాడు. అయినా నేను చెప్పేదాకా విననట్టే ఉండిపోయాడు.

"మీరే అడగండి మామా" అన్నాను.

పెద్దమామ నా వైపు చూశాడు. కోపంగా చూశాడనే అనుకుంటాను. తరవాత ఆ తెరిచిన తలుపు వైపు తల తిప్పాడు. నోరు కొంచెం తెరుచుకుంది. కుర్చీ చేతుల మీద రెండు చేతులూ ఆనించాడు, లేవడానికో, గట్టిగా పట్టుకోవడానికో తెలియలేదు. నేను అక్కడ నిలబడితే మళ్ళీ నాతోనే చెప్పిస్తారని చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను.

గేటు దగ్గర ఆగాను. వెనక ఏదైనా మాట వినిపిస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. మిల్లు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.